తురాయి ఖరీదు

మదనపల్లె నుంచి కుప్పం పోవడాన్ని యాత్ర అంటే మా వీధిలో నవ్వుతారు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి చేరే ఊరది. నాకు మాత్రం మూడు రోజులు పట్టింది. తిరిగొచ్చాక అంగట్లో ఎవరడిగినా చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ కథ ఎంతో కొంత పెరుగుతోంది. ఇంకా పెరగక ముందే రాసి పెడితే మంచిదనిపించింది.

మాది బట్టల అంగడి. మా తాత నడిపాడు, మా నాయన నడిపాడు, ఇప్పుడు నేను. మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. నా పెళ్ళిలో పురోహితుడు దక్షిణ చెప్పగానే మా నాయన అలవాటు కొద్దీ "మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళం స్వామీ, సూసి చెప్పండి" అన్నాడట. ఆ మాట మీద నన్ను ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఈ ప్రయాణానికి కారణం రెండు కొంగలు. ఒకటి మన దేశానిది, ఒకటి ఆఫ్రికాది.

మదనపల్లె: వాదం మొదలైన చోటు

రాజక్క పుట్టిల్లు కురబలకోట, మెట్టినిల్లు కుప్పం. పెళ్ళి చీర మా నాయన దగ్గరే కొన్నారు. అప్పటి నుంచి చీరంటే మా అంగడికే వస్తుంది. ఆమె భర్త మునిరత్నం బోరు బండి మీద పనిచేసేవాడు. ఇక్కడ ఎంత లోతుకు పోయినా దుమ్మే వస్తున్న కాలంలో ఆ బండ్లు ఓడలెక్కి ఆఫ్రికాకు పోయాయి. ఆయనా వాటితో ఉగాండాకు పోయాడు. రెండేళ్ళని చెప్పి పదేళ్ళు ఉన్నాడు.

పదో ఏడు రాజక్క కాశీ యాత్రకు పోయింది. దారిలో బస్సు చక్రం మారుస్తుంటే, నీళ్ళు నిలిచిన పొలంలో రెండు పక్షులు కనిపించాయి. మనిషంత ఎత్తు, బూడిద రంగు ఒళ్ళు, ఎర్రటి బోడి తల, ఎర్రటి కాళ్ళు. సారస పక్షులు. ఒకటి మెడ పైకెత్తి అరిచింది. ఆ అరుపు అయిపోక ముందే రెండోది అందుకుంది. అవి జంట విడిచి ఉండవని బస్సులో ఎవరో చెప్పారు. రాజక్క ఫోను తీసి ఉగాండాకు కలిపి, ఒక్క మాట మాట్లాడకుండా ఆ పక్షుల వైపు పట్టుకుని నిలబడింది. ఆ ఏడు తిరక్కుండానే మునిరత్నం వచ్చేశాడు.

అందుకే తన భర్తను తెచ్చింది సారసాలేనని ఆమె నమ్మకం. ఆయనేమో వచ్చినప్పటి నుంచీ తను అక్కడ చూసిన కొంగను పొగుడుతాడు. మా అంగటికి చీర చెప్పడానికి వచ్చిన రోజు కూడా ఇద్దరూ ఫోన్లు తీసి నాకు ఫోటోలు చూపించారు.

"మాది సూడు సుగుణమ్మా. నెత్తిన బంగారు పుల్లల తురాయి, రాజు మాదిరి. దీందేముంది, గుండు గీయించుకున్నట్టు ఉండాది" అన్నాడు మునిరత్నం.

"ఎత్తు సూడు ముందు. నాది నీ గడ్డం దాకా వస్తాది. నీది నడుము దాకే" అంది రాజక్క.

"ఎత్తుంటే ఏం లాభం? చెట్టెక్కలేదు కదా. మాదానికి ఎనక వేలు పొడుగ్గా ఉండాది, కొమ్మను పట్టుకునేదానికి. సాయంత్రమైతే చెట్టు మీదే మకాం."

"కాపురం నేల మీద చేసేదానికి చెట్టెక్కేది యాల? నాది అరిస్తే ఊరవతలకి వినపడతాది."

"మావి ఆడతాయి."

"నావీ ఆడతాయి."

"మావి గుంపు కట్టి ఆడతాయి!"

"ఆ గుంపులో ఆడేదానికే కదా నువ్వు పోయింది" అంది రాజక్క. మునిరత్నం ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆయనకు అరవై నిండుతున్నాయి. షష్టిపూర్తిలో భార్యకు మళ్ళీ తాళి కట్టాలి. ఆ రోజు కట్టుకునే పట్టుచీర అంచులో తన సారసాలే ఉండాలని రాజక్క పట్టు. "ఆయన కొంగది ఒక్క ఈక కనపడినా నేను ఆ పీట మీద కూర్చోను. నా మొగుణ్ణి పదేండ్లు పెట్టుకున్న దేశం పక్షిని కట్టుకోని, ఆ మొగుడి చేతనే తాళి కట్టించుకునేదానికి నాకేం కర్మ?" అంది. నవ్వుతూనే అంది. మునిరత్నం నవ్వలేదు.

ఆమె ఇచ్చిన సారసాల ఫోటోను నేను మా ఊరి అంచునే ఉండే నేతగాళ్ళ పేట నీరుగట్టువారిపల్లెలో రామాంజులు అనే నేతగాడికి ఇచ్చాను. షష్టిపూర్తి దగ్గర పడ్డాక చీర తెచ్చుకోవడానికి పోతే ఇంకా మగ్గం మీదే ఉంది. సాయంత్రం దాకా వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే. అలవాటు లేని వాళ్ళకు తలనొప్పి వస్తుంది గానీ నాకు నిద్ర వస్తుంది. రామాంజులు భార్య సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. తింటూనే కూలి దగ్గర బేరం మొదలుపెట్టాను. పక్షులు, తీగ, రంగు రేషం దారం అంటూ రామాంజులు పైకి పోతాడు. నేను కిందికి లాగుతాను. చీర నా ఒళ్ళోకి వచ్చేటప్పటికి నా కళ్ళన్నీ ఆయన మొహం మీదే ఉన్నాయి, ఇంకెంత తగ్గుతాడా అని. ఒక మూల జరీ గీకి చూశాను, బరువు చూశాను, సంచిలో పెట్టాను. అంచు విప్పి చూడలేదు. ఆయన దగ్గర తగ్గించుకున్నదానికి ఎంత మురిసిపోయానంటే ఇంటి దాకా ఆటో ఎక్కకుండా నడిచాను.

పుంగనూరు: టవలు కింద వేళ్ళు

మరుసటి పొద్దున బస్సులో కండక్టరు నా ఆధారు కార్డు చూసి సున్నా రూపాయల టికెట్టు చింపి ఇచ్చాడు. ఆడవాళ్ళకు ఇప్పుడు ఉచితం. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకే ఏదో వెలితి. సున్నాలో ఎంత తగ్గించమని అడిగేది?

పుంగనూరు దగ్గర పశువుల సంత జరుగుతుంటే బస్సు నిలిచిపోయింది. దిగి సంతలోకి నడిచాను. ఆ ఊరి పేరు చెప్పగానే నడుము ఎత్తు కూడా లేని పొట్టి ఆవులు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఇంటింటికీ ఉండేవట. ఇప్పుడు కార్లలో వచ్చి ఫోటో దిగి ధర విని వెళ్ళిపోతారు. నేను ధర కూడా అడగలేదు. అడిగితే బేరమాడాలనిపిస్తుంది, బేరం కుదిరితే ఆవును బస్సెక్కించాలి.

నా చూపంతా బేరగాళ్ళ మీదే. వాళ్ళు నోరు విప్పరు. ఒకాయన టవలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పుతాడు. లోపల అమ్మేవాడి వేళ్ళను కొనేవాడు పట్టుకుంటాడు. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. వేలు మడిస్తే తగ్గించమని. ఒప్పుకోకపోతే అమ్మేవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. చుట్టూ పది మంది నిలబడినా ఎంతకు తెగిందో ఆ ఇద్దరికి తప్ప తెలియదు. మా అంగట్లో బేరమంటే వీధి చివరికి వినపడాలి. ఇక్కడేమో మొహాలు గుళ్ళో నిలబడినట్టు ఉంటాయి.

"నేను కూడా ఒకసారి చెయ్యి పెట్టి సూస్తానప్పా" అన్నాను ఒక ముసలి బేరగాడితో.

"ఆడోళ్ళు పెట్టేది ల్యా తల్లీ" అన్నాడాయన. "నువ్వు పెడితే మేము గోచీలతో ఇంటికి పోవాల. నీ మొగమే చెప్తాండాది."

ఇంతవరకు నన్ను ఎవరూ అంత బాగా పొగడలేదు.

అక్కడి నుంచి నేను పోయింది షంషాద్ ఇంటికి. చీర చెరగులకు కుచ్చులు అల్లుతుంది. పట్టు దారాన్ని ముడి మీద ముడి వేస్తూ పోతుంటే ఆమె వేళ్ళు కనపడవు. వెళ్ళేసరికి ఆమె కుష్కా వండుతోంది. ముక్కలు లేని బిర్యానీ అన్నమాట. మా ఇళ్ళలో ముక్కల్లేని కూరను పేదరికం అంటారు. వాళ్ళింట్లో అన్నానికే అంత రుచి ఎట్లా పట్టిందో ఇప్పటికీ నాకు తెలియలేదు.

తిన్నాక చేతులు కడుక్కుని ఆమె చీర విప్పింది. ముదురు ఆకుపచ్చ ఒళ్ళు, మామిడిపండు రంగు అంచు. అంచు పొడుగునా తీగ, తీగ మీద వెండి జరీ పక్షులు జంటలు జంటలుగా. ఎర్ర మెడ, ఎర్ర కాళ్ళు.

"అరే, ఎంత బాగుందక్కా! కిరీటం పెట్టుకోనుండాయి" అంది షంషాద్.

"కిరీటమా?" అన్నాను.

అంచు దగ్గరికి లాక్కుని చూశాను. ప్రతి సారసం నెత్తి మీదా బంగారు జరీ పుల్లలు నిటారుగా విచ్చుకుని ఉన్నాయి. అచ్చం మునిరత్నం ఫోనులో ఉన్న ఆఫ్రికా కొంగ తురాయి.

రామాంజులుకు ఫోను చేశాను.

"నెత్తిన ఏం పెట్టినావు రామాంజులూ?"

"తురాయి అక్కా. బాగా వచ్చింది కదా?"

"ఫోటోలో ల్యా కదా, యాల పెట్టినావు?"

"ఫోటోలో సరిగా పడలేదనుకున్యా. శుభకార్యం సీర అక్కా ఇది. హంసకు తురాయి పెడతాం, నెమలికి పెడతాం, సిలకకు కూడా పెడతాం. బోడి నెత్తి పక్షిని పీట మీద కూర్చునే ముత్తైదువ అంచులో ఎట్ల నేసేది? మా నాయన చూస్తే మగ్గం ఇరగ్గొడతాడు."

"మరి పుల్లల మాదిరి యాల ఉండాది?"

"ఒంపు తిరిగేదానికి జాగా చాల్లేదు. అందుకే నిటారుగా లేపినా. తప్పయిందా అక్కా?"

ఆయన గొంతులో భయం విని "లేదులే" అన్నాను. తప్పని నేనెట్లా అనేది? నేను ఆ మగ్గాల పక్కనే పుట్టాను. బోడి తల పక్షి పట్టు అంచులో ఎంత వెలవెలబోతుందో నాకూ తెలుసు. నిజం చెప్పాలంటే తురాయితోనే చీర బాగుంది. అదే నా బాధ.

"జరీ పోగులు పీకేద్దామా అక్కా?" అంది షంషాద్. సూదితో ఒక తురాయి మీద పట్టుకుని చూసి తనే తల అడ్డంగా ఊపింది. పీకితే అక్కడ పట్టు పీచుపీచయిపోతుంది. ఇంకో చీర కొందామంటే పక్కన అంగళ్ళున్నాయి. కానీ ఇంకొకరి అంగట్లో చీర కొన్న మనిషి మా వంశంలో ఇంతవరకు లేదు. పైగా రాజక్కకు కావలసింది చీర కాదు, సారసాలు. షష్టిపూర్తి ఎల్లుండి.

"కుచ్చులు కట్టు షంషాద్" అన్నాను. "ఎట్లయితే అట్లయితాది."

కుచ్చులు పూర్తయ్యేసరికి కడపటి బస్సు పోయింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. పొద్దున కూలి చెప్పింది. నేను బేరమాడలేదు. షంషాద్ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

పలమనేరు దాటాక

పలమనేరు నుంచి వి.కోట మీదుగా కుప్పం దారిలో మాట నెమ్మదిగా మారిపోతుంది. బస్సెక్కే వాళ్ళు తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో నవ్వి, అరవంలో తిట్టుకుని దిగుతారు. మదనపల్లెలో మేము మూడు మాటల్లో తేల్చేదాన్ని వీళ్ళు మూడు భాషల్లో తేలుస్తారు.

నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్ళో గంపెడు అనపకాయలు. చలికాలం కదా, ఎక్కడ చూసినా అవే. గింజల్ని నానబెట్టి, పొట్టు పితికి వండే పితికిపప్పు గురించి మాట్లాడుకున్నాం. మా ఇళ్ళలో దానికి కొబ్బరి వెయ్యం అంటే ఆమె నన్ను జాలిగా చూసింది. కిటికీలోంచి చెరువు కనపడింది. నీళ్ళ అంచున తెల్ల కొంగలు. "మీ ఊర్లో ఇంకా పెద్ద కొంగలుండాయా?" అని అడిగాను. "మనిషంతవి?"

"మనిషంత కొంగ వస్తే చేపలు మాకేం మిగులుతాయమ్మా?" అందామె.

సంచి ఒళ్ళో పెట్టుకుని రాజక్కకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ పోయాను. ధర తగ్గిస్తానందామా? పెంచి చెప్పి తగ్గిద్దామా? తురాయి పెట్టించింది నేనేనని, ఇది ఇప్పటి ఫ్యాషనని చెబుదామా? అంగట్లో వీటన్నిటితో ఎంతోమందిని గెలిచాను. కానీ పదేళ్ళు ఒంటరిగా ఉన్న మనిషి మళ్ళీ తాళికి మెడ వంచేటప్పుడు ఒడి నిండా ఆ దేశం పక్షి ఉంటే, దానికి తగ్గింపు ఎంత?

కుప్పం

ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. మునిరత్నం బోర్లించిన గంప మీద కూర్చుని మామిడాకులు గుచ్చుతున్నాడు. నన్ను చూసి లేచి "రామ్మా సుగుణమ్మా, మూడు దినాల నుంచి వస్తాండావంట, నడిచి వచ్చినావా?" అన్నాడు. రాజక్క కాఫీ తెచ్చింది. కుప్పంలో కాఫీ చిక్కగా, గ్లాసు కింద గిన్నెతో ఇస్తారు. మా ఊళ్ళో గ్లాసు మాత్రమే ఇచ్చి గిన్నె ఆదా చేస్తాం. సగం తాగేలోపే ఆమె సంచి విప్పింది.

చీర మడత మడతగా మంచం మీద పరుచుకుంది. ఆకుపచ్చను చూసి మొహం విప్పారింది. అంచు వెలుగులోకి తిప్పింది. ఒక జంట నెత్తి మీద వేలు ఆపింది.

"ఏమయ్యా" అంది, ఆయన వైపు చూడకుండా. "ఇది నీ పనేనా?"

మునిరత్నం వచ్చి చూశాడు. "మా అమ్మ తోడు, నేత ఆయన మొగం కూడా నేను సూడలేదు."

రామాంజులు చెప్పిందంతా చెప్పాను. ముత్తైదువ అంచు, బోడి నెత్తి, చాలని జాగా. రాజక్క వింటోందో లేదో తెలియలేదు. "నేను పాత సీర కట్టుకుంటా. కూర్చునేది రేపు సూద్దాం" అంది.

మునిరత్నం కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు. మంచం మీద కూర్చుని అంచును మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు. ఆయన కొంగ గెలిచింది కదా, ఏదో ఒకటి అంటాడు, ఇక చీర నా సంచిలోకే అనుకున్నాను.

"ఇది మాది కాదు" అన్నాడు.

"నెత్తిన తురాయి కనపడలేదా నీకు?" అంది రాజక్క.

"తురాయి ఒకటే సూస్తే ఎట్ల? కాళ్ళు సూడు, ఎర్రగా ఉండాయి. మావాటివి నల్ల కాళ్ళు. చెంప మీద తెల్ల మచ్చ యాడ? గొంతు కింద ఎర్ర తిత్తి యాడ? మెడ సూడు, సగం దాకా ఎరుపు. ఇది నీదే రాజీ. నేత ఆయన నెత్తిన పువ్వు పెట్టినాడు, అంతే."

ఇన్నేళ్ళూ పొగిడిన కొంగను ఒక్కో అవయవం తీసి పక్కన పెట్టేస్తున్నాడు. కానీ రాజక్క ఇచ్చిందాన్ని ఊరికే తీసుకునే మనిషి కాదు.

"నాదైతే తీగ మీద ఎట్ల నిలబడింది? నా సారసం కొమ్మ ఎక్కదని నువ్వే కదా చెప్పినావు. ఇదో, ఎనక వేలు. తీగకు చుట్టుకోనుండాది. ఇది నీదే."

"అది తీగ కాదులే, గట్టనుకో."

"ఆకులుండే గట్టా?"

నాకు అప్పుడు అర్థమైంది, ఇద్దరూ కూర్చున్న తక్కెడ తట్టలు మారిపోయాయని. ఆయన ఆమె పక్షి కోసం వాదిస్తున్నాడు, ఆమె ఆయన పక్షి కోసం. నోరు మూసుకుని చల్లారిన కాఫీ తాగాను.

రాజక్క బొటనవేలు తురాయి మీద ఆడుతోంది. "ఆడ ఇవి చెట్టు మీద ఉంటే నువ్వేం చేసేవాడివి?" అంది ఉన్నట్టుండి.

"ఏం చేస్తా? సాయంత్రం బండి ఆపినాక కూలబడి సూసేవాణ్ణి. ఒకటి ముందు వచ్చి కొమ్మ మీద వాలుతాది. రెండోది వచ్చేదాకా పండుకోదు. మెడ ఎత్తి దోవ సూస్తానే ఉంటాది. అది వచ్చినాక నేనూ లేచిపోయి అన్నం తినేవాణ్ణి."

"రానప్పుడు?"

"రానప్పుడు తినబుద్ధి అయ్యేది కాదు."

"ఎప్పుడూ కిరీటం కతే చెప్పినావు గానీ ఈ కత చెప్పలేదే!"

"నువ్వు అడగలేదు" అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రాజక్క చీరను మళ్ళీ వెలుగులోకి ఎత్తింది. "కాళ్ళు ఈ దేశానివి. నెత్తి ఆ దేశానిది" అంది. "ఇది నాదీ కాదు, నీదీ కాదు. వచ్చినప్పటి నుంచి నువ్వుండేదే ఇట్ల." నా వైపు తిరిగింది. గొంతు అంగట్లో గొంతయిపోయింది. "సుగుణమ్మా, తురాయి నేను చెప్పలేదు కదా? దాని ఖరీదు తీసేయ్."

"తీసే పని లేదు. తురాయి వరకు నేనిస్తా. ఎంతమ్మా?" అన్నాడు మునిరత్నం.

గజం ధర చెప్పగలను, జరీ ధర చెప్పగలను. తురాయి ధర మా నాయన నేర్పలేదు. అయినా నోరు ఊరుకోదు కదా, ఒక మాట అనేశాను. పాడు అలవాటు, రెట్టింపే అన్నాను. ఆయన మారుమాట లేకుండా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

రాజక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండయ్యా. అడిగినంత ఇస్తారా ఎవరన్నా? ఆడుండి బేరం కూడా మరిచిపోయినావు. నువ్వు ఇట్ల రా సుగుణమ్మా. మా నాయన ఆవుల బేరగాడు, తెలుసునా?"

నా కుడి చెయ్యి లాక్కుంది. కొత్త చీర చెరగు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పింది. షంషాద్ కట్టిన కుచ్చులు నా మణికట్టు చుట్టూ వేలాడుతున్నాయి. కింద చల్లటి పట్టులో రాజక్క వేళ్ళు నా అయిదు వేళ్ళనూ పట్టుకుని ఒకటి మడిచాయి. తల అడ్డంగా ఊపాను. రెండోది మడిచింది. ఆమె మొహం గుళ్ళో నిలబడినట్టు ఉంది.

మునిరత్నం మెడ సాచి చూస్తున్నాడు. "ఎంతకు తెగింది?"

"నీకెందుకు? కట్టుకునేది నేను" అంది రాజక్క.

మూడో వేలు మడిచింది. నేను చెయ్యి వెనక్కి లాక్కోలేదు.